జిజ్ఞాసువు, ఆర్తుడు: తత్వానికి మొదలెక్కడ?

జిజ్ఞాసువు: తత్వచింతన ఆశ్చర్యంతో మొదలవుతుందని, దానికి వేరే మొదలు లేదని ప్లేటో రాసిన ‘థియటీటస్’ అనే సంభాషణలో సోక్రటీస్ అంటాడు. ఈ మాటను ఉదహరించేవాళ్లు చాలామంది అది ఏ సందర్భంలో వచ్చిందో చూడరు. అక్కడ నక్షత్రాలు లేవు, సముద్రం లేదు. ఉన్నవి ఆరు పాచికలు. వాటి పక్కన నాలుగు పెడితే ఆరు ఎక్కువ, ఒకటిన్నర రెట్లు. పన్నెండు పెడితే అవే ఆరు తక్కువ, సరిగ్గా సగం. ఆరింటిలో ఒక్కటి కలపలేదు, ఒక్కటి తీయలేదు. ఏ మార్పూ లేకుండా ఎక్కువగా ఉన్నది తక్కువ ఎలా అయింది? థియటీటస్ లెక్కల్లో దిట్ట అయిన కుర్రవాడు. ఇలాంటివి తలుచుకుంటే కళ్లు తిరుగుతాయని ఒప్పుకుంటాడు. దానికి జవాబుగా వచ్చింది ఆ మాట. లెక్క రానివాడికి ఇక్కడ ఏ చిక్కూ కనపడదు, వచ్చినవాడికే కనపడుతుంది. ఎవరికీ నొప్పి లేదు, నష్టం లేదు, ఏ పనీ ఆగిపోలేదు. అయినా ప్రశ్న వదిలిపెట్టదు. ఇలా అవసరం లేకుండా పట్టుకునే ప్రశ్నతోనే తత్వం మొదలవుతుంది.

ఆర్తుడు: గ్రీసులో అలా మొదలైతే మొదలై ఉండవచ్చు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక మాత్రం మొదటి శ్లోకంలోనే, మూడు రకాల దుఃఖం తాకితే జిజ్ఞాస పుడుతుందని చెబుతుంది. ఒంట్లో, మనసులో పుట్టేది ఒకటి; తోటి ప్రాణుల వల్ల వచ్చేది ఒకటి; దైవికంగా వచ్చిపడేది ఇంకొకటి. ఆ వెంటనే ఒక ఆక్షేపణ కూడా తనే లేవనెత్తుతుంది. జబ్బుకు మందు ఉంది, మనోవ్యథకు కాలక్షేపం ఉంది, మరి విచారణ దేనికి? ఆ ఉపాయాలు పనిచేస్తాయన్న నమ్మకం లేదు, పనిచేసినా బాధ తిరిగిరాదన్న భరోసా లేదు, అందుకు. ఈ తర్కంలో గమనించాల్సింది ఒకటుంది. కేవలం బాధపడటం తత్వమని సాంఖ్యం అనలేదు. ఉన్న మందులన్నీ వాడి చూసి, అవి ఎక్కడ చేతులెత్తేస్తాయో తెలుసుకున్నవాడు విచారణకు దిగుతాడంటోంది. బౌద్ధంలో నాలుగు ఆర్యసత్యాల్లో మొదటిది దుఃఖమే. యూరప్‌లో షోపెన్‌హావర్ తన ప్రధాన గ్రంథానికి 1844లో చేర్చిన రెండో సంపుటంలో ఇదే ధోరణిలో రాశాడు. బతుకుకు అంతం, బాధ లేకపోతే లోకం ఎందుకు ఉందని ఎవరికీ అడగబుద్ధి కాదని అతని అభిప్రాయం. ఆశ్చర్యం ఉందని అతనూ ఒప్పుకున్నాడు. దానికి పదును పెట్టేది చావు అన్నాడు.

జిజ్ఞాసువు: దుఃఖం పశువుకూ ఉంది. దెబ్బ తగిలిన ఎద్దు మూలుగుతుంది, గాయం నాకుతుంది, నీడపట్టుకు పోతుంది. అంతకు మించి అడగదు. మనుషుల్లోనూ బాధలో ఉన్నవాళ్లు ఎక్కువమంది కోరేది ఉపశమనమే. తాయెత్తు కట్టించుకున్నా, మొక్కు తీర్చుకున్నా, నిద్రమాత్ర వేసుకున్నా కోరిక ఒకటే. మందు విఫలమైతే ఇంకో మందు వెతుకుతారు తప్ప దర్శనం రాయరు. దుఃఖానికీ విచారణకూ మధ్య ఏదో ఒకటి జరగాలి. ఇది ఇలాగే ఎందుకు ఉండాలి, మరోలా ఎందుకు ఉండకూడదు అని అనిపించాలి. ఆ అనిపించడం ఆశ్చర్యం జాతిది. డెకార్ట్ 1649లో వెలువరించిన ఉద్వేగాల గ్రంథంలో మూల ఉద్వేగాలను ఆరుగా లెక్కపెట్టి, ఆశ్చర్యాన్ని అన్నిటికన్నా ముందు ఉంచాడు. కారణం తేటగా ఉంది. ఎదురైన వస్తువు మనకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది తేలకముందే ఆశ్చర్యం పుడుతుంది. ప్రేమ, ద్వేషం, కోరిక, సంతోషం, దుఃఖం అన్నీ ఆ లెక్క తేలాక వచ్చేవి. దుఃఖం వచ్చేసరికి ఆశ్చర్యం వచ్చి కూర్చుని ఉంటుంది.

ఆర్తుడు: పశువుల మాట ఎత్తితే అది మీకూ తగులుతుంది. కొత్త వస్తువు కనపడితే కుక్కపిల్ల చెవులు రిక్కిస్తుంది, వాసన చూస్తుంది, చుట్టూ తిరుగుతుంది. కుతూహలం దానికీ ఉంది, తత్వం లేదు. డెకార్ట్ పుస్తకంలో మిగతా సగం కూడా చదవాలి. ఆశ్చర్యం మితిమీరితే మనిషి బొమ్మలా బిగుసుకుపోతాడని, తెలుసుకోవడానికి అది తోడ్పడినా తర్వాత దాన్ని వదిలించుకోవాలని ఆయనే అన్నాడు. పైగా 1641లో ప్రచురించిన ధ్యానాలను ఆశ్చర్యంతో మొదలుపెట్టలేదు. చిన్నప్పటి నుంచి నమ్మినవాటిలో ఎన్నో అబద్ధాలని తేలిందన్న కలతతో మొదలుపెట్టాడు. ఆర్థికవేత్తగా పేరుపడ్డ ఆడమ్ స్మిత్ ఖగోళశాస్త్ర చరిత్ర మీద రాసిన వ్యాసం ఒకటుంది. ఆయన పోయాక 1795లో అచ్చయింది. ఒకదాని వెంట ఒకటి వచ్చే సంఘటనల మధ్య తెగిన చోటు కనపడితే మనసు కలవరపడుతుందని, ఆ కలవరాన్ని చల్లార్చడమే తత్వశాస్త్రం పని అని అందులో అంటాడు. అంటే ఆశ్చర్యం కూడా ఒక చిన్న బాధే. దాన్ని దుఃఖం ఖాతాలో రాసుకుంటే గొడవ తీరిపోతుంది.

జిజ్ఞాసువు: స్మిత్ వర్ణన సరైనదే. తెలియనిది మనసులో గుచ్చుకుంటుంది. అయితే ఆ ముల్లు ఎక్కడి నుంచి వచ్చింది? కుజుడు కొన్నాళ్లు వెనక్కి నడిచినట్టు కనపడితే ఎవరి పంటకు నష్టం? బాధ వల్ల ప్రశ్న రాలేదు. ప్రశ్న వల్ల ఆ బాధ వచ్చింది. రెంటినీ ఒకే ఖాతాలో వేస్తే లెక్క తేలిక అవుతుంది, నిజం కాదు. ఈ తేడా ఒక చతురస్రంలో చూడవచ్చు. యజ్ఞవేదికలను తాళ్లతో కొలిచి కట్టే పద్ధతి చెప్పేది బౌధాయన శుల్బసూత్రం. చతురస్రం కర్ణం మీద ఇంకో చతురస్రం కడితే వైశాల్యం రెట్టింపు అవుతుందని అందులో ఉంది. భుజం 1 అయితే కర్ణం ఎంతో చెప్పడానికి ఇచ్చిన సూత్రం 577/408కి సమానం. ఐదు దశాంశ స్థానాల దాకా అది సరిపోతుంది. వేదిక కట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి? గ్రీకులు అదే కర్ణం దగ్గర ఇంకోలా ఆగారు. భుజాన్నీ కర్ణాన్నీ రెంటినీ మిగులు లేకుండా కొలిచే కొలత ఏదైనా ఉందా అని అడిగారు. ఉందనుకుందాం. అప్పుడు రెంటి నిష్పత్తిని రెండు పూర్ణసంఖ్యలుగా, ఇక కుదించలేనంతగా కుదించి రాయవచ్చు. కర్ణం వర్గం భుజం వర్గానికి రెట్టింపు కనుక కర్ణం సరిసంఖ్య. సరిసంఖ్య వర్గం నాలుగుతో భాగించబడుతుంది కనుక భుజం వర్గం, దాంతో భుజం కూడా సరిసంఖ్యలే. రెండూ సరిసంఖ్యలైతే ఇంకా కుదించవచ్చు. కుదించలేమని మొదటే అనుకున్నాం. కాబట్టి అలాంటి కొలత లేదు. ఈ ఫలితం ఏ గోడకూ, ఏ వేదికకూ అక్కరలేదు. అవసరం 577/408 దగ్గర తృప్తిపడింది. తృప్తిపడనిది వేరే ఏదో.

ఆర్తుడు: ఆ విలువకు శుల్బకారులు పెట్టిన పేరు సవిశేషం. కొంత తేడా మిగిలిందని వాళ్లకు తెలుసునని ఆ పేరును బట్టి చదివేవాళ్లు ఉన్నారు కనుక తాళ్లు లాగినవాళ్లను అంత తొందరగా పక్కన పెట్టకూడదు. అసలు గణితం ఎలా పుట్టిందన్న దాని మీదే గ్రీకులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈజిప్టులో నైలు నది పొలంలో కొంత కోసుకుపోతే, పన్ను తగ్గించడానికి మళ్లీ కొలవాల్సి వచ్చి రేఖాగణితం పుట్టి ఉంటుందని హెరొడోటస్ రాశాడు. అదే ఈజిప్టులో పూజారులకు తీరిక ఉంది కనుక గణితం పుట్టిందని అరిస్టాటిల్ రాశాడు. ఒకరిది అవసరం, ఇంకొకరిది తీరిక. బతుకుతెరువు, సుఖం సమకూరాకే మనుషులు ఇలాంటి జ్ఞానాన్ని వెతకడం మొదలుపెట్టారని ‘మెటాఫిజిక్స్’ మొదటి అధ్యాయాల్లో ఉంది. ఎవరు సమకూర్చారు? ఆ తీరిక కింద బానిసల చాకిరీ ఉంది. ఆకాశం చూస్తూ నడిచి బావిలో పడ్డ థేలీస్‌ను చూసి ఒక థ్రేస్ దేశపు దాసి నవ్విందని ప్లేటోనే చెప్పాడు. తత్వచరిత్రలు థేలీస్ పేరు రాసుకున్నాయి, ఆమె పేరు రాసుకోలేదు. బానిసగా పుట్టిన తత్వవేత్త ఒకరున్నారు, ఎపిక్టెటస్. ఆయన్ని అడిగితే తత్వానికి మొదలు ఆశ్చర్యం అనలేదు. తప్పనిసరి విషయాల్లో తన బలహీనతనూ, చేతకానితనాన్నీ గుర్తించడం అన్నాడు. ఎవరి చోటు నుంచి చూస్తే ఏది మొదలుగా కనపడుతుందో ఇక్కడ బయటపడుతోంది.

జిజ్ఞాసువు: ఈ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. తీరిక అందరికీ సమానంగా అందలేదు. అందనివాళ్ల ప్రశ్నలు గ్రంథాలకు ఎక్కలేదు. అది తత్వచరిత్ర మీద ఉన్న అప్పు. కానీ తీరిక ఉంటేనే ప్రశ్న నిలుస్తుందని దీనివల్ల తెలుస్తుంది గానీ, తీరిక ఉన్నవాడికే ఆశ్చర్యం పుడుతుందని కాదు. రాత్రిపూట పొలానికి నీళ్లు కట్టేవాడూ చుక్కలు చూస్తాడు. ఎపిక్టెటస్ కూడా మరో చోట, మనిషి ఈ లోకంలోకి వచ్చింది దైవాన్నీ దైవసృష్టినీ చూసి అర్థం చెప్పడానికి అన్నాడు. బానిసగా పుట్టినవాడు మనిషికి అప్పగించిన పని ప్రేక్షకుడి పని! చేతకానితనం గుర్తించినవాడే ఆ మాటా అన్నాడు. రెంటిలో ఒకదాన్ని ఎంచుకొని ఆయన్ని ఒక పక్షంలో కూర్చోబెట్టడం కుదరదు.

ఆర్తుడు: అయితే ఒక పక్షంలో కూర్చోబెట్టడానికి ఇబ్బంది లేని సాక్షిని పిలవవచ్చు. కఠోపనిషత్తులో నచికేతుడు. తండ్రి కోపంలో యముడికి ఇచ్చేశాననగా, ఆ యముడి ఇంటికే వెళ్లి మూడు రాత్రులు తిండి లేకుండా కాచుకున్న పిల్లవాడు. మూడు వరాల్లో మొదటిది తండ్రి కోపం చల్లారాలని. రెండోది స్వర్గానికి తీసుకుపోయే అగ్నివిద్య. మూడోది, చనిపోయినవాడు ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, ఏది నిజం అని. ఉపనిషత్తు తత్వమంతా ఈ మూడో ప్రశ్నకు జవాబుగా నడుస్తుంది. చావు గుమ్మంలో నిలబడినవాడు చావు గురించి అడిగాడు. ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఏ సాహిత్యంలో దొరుకుతుంది?

జిజ్ఞాసువు: ఆ పిల్లవాడిలో ఆర్తి ఎక్కడుందో చూపించాలి. ఏడవలేదు, బతికించమని వేడుకోలేదు. కథ మొదలయ్యేదే అతని కంటిచూపుతో. తండ్రి దానం చేస్తున్న ఆవులు వట్టిపోయినవని గమనించాడు. మరి నన్నెవరికి ఇస్తావని అడిగాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. పెద్దలకు చిరాకు పుట్టించే పిల్లల ప్రశ్న అది. ఆ తర్వాత యముడు ఏం చేశాడు? నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, కోరినంత ఆయుష్షు ఇస్తాను, ఆ ఒక్క ప్రశ్న మాత్రం వదిలెయ్ అన్నాడు. ఆర్తుడికి కావాల్సినవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. నచికేతుడు తీసుకోలేదు. దీర్ఘాయుష్షు చేతికందుతున్నా జవాబే కావాలన్నవాణ్ణి నడిపించింది చావు భయమైతే, అతను ఆయుష్షు పుచ్చుకొని ఇంటికి పోయేవాడు.

ఆర్తుడు: నూరేళ్ల ఆయుష్షు కూడా అయిపోతుందని తెలుసు కనుకనే తీసుకోలేదు. ఆ మాట అతనే యముడితో అంటాడు. సాంఖ్యకారిక చెప్పిన తర్కమే ఇది: మందు ఉంది, కానీ అది శాశ్వతం కాదు. బృహదారణ్యకంలో మైత్రేయి కూడా ఇలాగే అడుగుతుంది. భర్త యాజ్ఞవల్క్యుడు ఆస్తి పంచిపెట్టి వెళ్లబోతుంటే, భూమినిండా ధనం ఉన్నా చావు తప్పుతుందా అంటుంది. తప్పదంటాడు. అలాగైతే అది నాకెందుకు, నీకు తెలిసింది చెప్పు అంటుంది. ఆ ఇంట్లో ఆ క్షణాన జరుగుతున్నది ఎడబాటు. దాన్ని పాచికలాటతో పోల్చలేం.

జిజ్ఞాసువు: మైత్రేయిని ఒప్పుకోక తప్పదు. అయితే అదే ఉపనిషత్తులో గార్గి ఉంది. ఈ లోకమంతా నీటిలో పడుగుపేకలా అల్లుకొని ఉందంటే, ఆ నీరు దేనిలో అల్లుకొని ఉంది? గాలిలో. గాలి దేనిలో? ఒక్కో జవాబునూ మెట్టు చేసుకొని పైకి పోతుంది. చివరికి యాజ్ఞవల్క్యుడు, ఇక అడిగితే తల పడిపోతుందని హెచ్చరిస్తాడు. ఆమె ఆగుతుంది, కానీ ఆ సభలోనే మళ్లీ లేచి ఇంకో రెండు ప్రశ్నలు వేస్తుంది. అక్కడ ఎడబాటు లేదు, మృత్యువు లేదు. ఒక దారం కొస పట్టుకొని అది ఎక్కడిదాకా పోతుందో చూడాలన్న పట్టుదల ఉంది, తల పోయే ప్రమాదం ఉన్నా సరే.

ఆర్తుడు: ఆ సభ దేనికోసం జరిగిందో కూడా చెప్పాలి. జనకుడు వెయ్యి ఆవుల కొమ్ములకు బంగారం కట్టించి, మీలో అందరికన్నా బ్రహ్మజ్ఞుడు ఎవరో వాళ్లు తోలుకుపొండి అన్నాడు. యాజ్ఞవల్క్యుడు ముందే శిష్యుడితో ఆవులను తోలించాడు. తక్కినవాళ్ల కోపంలోంచి పుట్టాయి ఆ ప్రశ్నలు. గీత ఏడో అధ్యాయంలో భగవంతుణ్ణి ఆశ్రయించేవాళ్లను నాలుగు రకాలుగా చెప్పారు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. మనం ఇద్దరం కొట్టుకుంటుంటే మూడోవాడు ఆవులు తోలుకుపోయాడు.

జిజ్ఞాసువు: మూడోవాడు తత్వసభల్లో ఎప్పుడూ ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు. గీత ఆర్తుణ్ణీ జిజ్ఞాసువునూ వేరువేరుగా లెక్కపెట్టిందన్నది మాత్రం ఇక్కడ పనికొచ్చే సంగతి. ఒకరిని ఇంకొకరిలో కలిపెయ్యలేదు. మీరు స్మిత్ సాయంతో చేయబోయిన పని అదే.

ఆర్తుడు: వేరువేరుగా ఉండనిద్దాం. న్యాయదర్శనం ఇద్దరికీ కాని దారి ఒకటి చూపిస్తుంది. అసలు తెలియనిదాని మీదా, తేలిపోయినదాని మీదా వాదం నడవదు, సందేహం ఉన్నచోటే నడుస్తుందని వాత్స్యాయన భాష్యం. మునిమాపు వేళ దూరాన నిలువుగా ఏదో కనపడుతుంది. మొద్దా, మనిషా? రెంటికీ ఎత్తు ఉంది. చేతులో, తొర్రో కనపడితే తేలిపోతుంది. అది కనపడటం లేదు. తెలుగువాడని చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన ప్రతి విద్యార్థికీ ఈ ఉదాహరణ తెలుసు. దీన్ని ఆశ్చర్యం అనలేం. నోరు తెరుచుకొని చూస్తున్నవాడు ఎవరూ లేరు. దుఃఖం అని కూడా అనలేమని ఒప్పుకుంటాను. అయితే న్యాయసూత్రాల పదహారు పదార్థాల్లో సంశయం వెంటనే వచ్చేది ప్రయోజనం. ఆ దారిన పోవాల్సినవాడికే అది మొద్దా మనిషా అన్నది కావాలి. దొంగ అయితే? పోనక్కరలేనివాడు ముఖం తిప్పుకుంటాడు.

జిజ్ఞాసువు: ముఖం తిప్పుకోనివాడూ ఉన్నాడు. 1611లో ప్రాగ్ నగరంలో కెప్లర్ తన మిత్రుడికి కొత్త సంవత్సరం కానుకగా ఒక చిన్న పుస్తకం రాశాడు. మంచు రేణువుకు ఎప్పుడూ ఆరు మూలలే ఎందుకు, ఐదో ఏడో ఎందుకు కావు అన్నది విషయం. బట్టల మీద పడి కరిగిపోయే రేణువు. దాని కోసం తేనెపట్టు గదులు చూశాడు, దానిమ్మ గింజలు చూశాడు, గుండ్రటి బంతులను ఎలా పేరిస్తే సందు తక్కువ మిగులుతుందో చూశాడు. చివరికి జవాబు దొరకలేదనే రాశాడు. దారిలో బంతుల పేర్పు గురించి అతను చెప్పిన మాట నిజమని థామస్ హేల్స్ 1998లో రుజువు చూపించేదాకా, నాలుగు వందల ఏళ్లకు కాస్త తక్కువగా, ఆ ప్రశ్న బతికే ఉంది. కెప్లర్ ఏ దారిన పోవాలని మంచు రేణువును చూశాడు?

ఆర్తుడు: కెప్లర్‌ది నిర్మలమైన కుతూహలమే, అది బాధలోంచి పుట్టిందని అనడానికి ఆధారం లేదు. కానీ రెండు ప్రశ్నలు మిగులుతాయి. కుతూహలానికి అడుగు ఉందా? అగస్టీన్ తన ‘కన్ఫెషన్స్’ పదో భాగంలో దాన్ని కళ్ల దాహం అన్నాడు. ఛిద్రమైన శవాన్ని చూడటానికి జనం ఎగబడటం, ఈగలను పట్టే బల్లి మీద తన చూపు ఆగిపోవడం, రెంటినీ ఒకే గాటన కట్టాడు. ఇవాళ ఫోన్‌లో ఒక వీడియో వెంట ఇంకోటి చూస్తూ అర్ధరాత్రి చేసేవాణ్ణి చూస్తే ఆయన కాదనడు. ఇక రెండోది ఇంకా గట్టిది. ఆశ్చర్యం తన విరుద్ధంలో ముగియాలని అరిస్టాటిల్ స్వయంగా అన్నాడు. కర్ణానికీ భుజానికీ ఉమ్మడి కొలత లేదంటే తెలియనివాడు ఆశ్చర్యపోతాడు. తెలిసినవాడు, ఉందంటే ఆశ్చర్యపోతాడు. అంటే జ్ఞానం వచ్చాక ఆశ్చర్యం పోతుంది. పోవడానికే పుట్టినదాన్ని తత్వానికి పునాది అనడం ఎలా?

జిజ్ఞాసువు: రెండో ప్రశ్నకు జవాబు ఇంద్రధనుస్సులో ఉంది. డెకార్ట్ 1637లో, వాన చినుకుకు బదులు నీళ్లు నింపిన పెద్ద గాజు గోళం తీసుకొని సూర్యకాంతి దానిలో ఎలా వంగి వెనక్కి వస్తుందో కొలిచాడు. సూర్యుడికి వ్యతిరేక దిశ నుంచి దాదాపు 42 డిగ్రీల కోణంలో ఎరుపు కనపడింది. ఇంద్రధనుస్సు అంతే పెద్దగా ఎందుకుంటుందో తేలింది. రంగులు ఎందుకు విడిపోతాయన్నది న్యూటన్ తర్వాత చూపించాడు. ఆశ్చర్యం చచ్చిపోవాలి కదా. కానీ ఆ వివరణనే ఒక అడుగు ముందుకు నడిపించి చూడండి. ఒక్కో చినుకు ఒక కంటికి ఒక్క రంగే పంపుతుంది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి కళ్లలోకి వస్తున్నది వేరువేరు చినుకుల కాంతి. ఇద్దరూ ఒకే ధనుస్సును చూపిస్తూ మాట్లాడుకుంటున్నారు, ఒకే ధనుస్సు లేదు. కంటిలో ఉందందామా, ఫొటోలోనూ పడుతోంది. ఆకాశంలో ఉందందామా, దాని దగ్గరికి వెళ్లడానికి చోటు లేదు. మరి ఎక్కడుంది? కాంతి లెక్క రానివాడికి ఈ ప్రశ్నే తోచదు. అగస్టీన్ తిట్టిన కుతూహలం కొత్తదాని వెంట పరిగెత్తుతుంది. ఇది పాతదాని దగ్గరే, అంతా తెలిసిందనుకున్న చోటే, కదలకుండా నిలబడుతుంది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం అగస్టీన్ చేసిన పొరపాటు.

ఆర్తుడు: ఈ భేదం నిలుస్తుంది, ఫోన్ పోలిక వెనక్కి తీసుకోవచ్చు. ఇద్దరి ఇంద్రధనుస్సు ఒకటి కాదన్న చోట బాధ అనేది ఏ మూలా లేదు. అయినా ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే ఎవరికి ఏం పోతుంది? మీ మొదటి సాక్షి ప్లేటో అసలు పాచికలను ఎక్కడ పెట్టాడో చూడాలి. ‘థియటీటస్’ మొదట్లో, కొరింథ్ యుద్ధంలో గాయపడి, రక్తవిరేచనాలు పట్టుకొని, చావుబతుకుల్లో ఉన్న థియటీటస్‌ను ఏథెన్స్‌కు మోసుకుపోతుంటారు. అది చూసి వచ్చినవాడు, పాతరోజుల్లో ఈ కుర్రవాడు సోక్రటీస్‌తో చేసిన సంభాషణను రాసిపెట్టుకున్నానని చెప్పి చదివిస్తాడు. సంభాషణ చివర్లో సోక్రటీస్, తన మీద మెలిటస్ వేసిన అభియోగానికి జవాబు చెప్పడానికి న్యాయస్థానానికి వెళ్లాలని లేస్తాడు. ఆ అభియోగం చివరికి విషపాత్ర దాకా పోయింది. ఒకవైపు ఒకరి చావు, ఇంకోవైపు ఇంకొకరి చావు. ఆశ్చర్యం గురించిన మాటను ప్లేటో ఆ రెంటి మధ్య పెట్టాడు.

జిజ్ఞాసువు: పెట్టాడు. అభియోగం నెత్తిమీద ఉన్నవాడు ఆ పూటంతా వాదనకు సిద్ధం కావడానికి వాడుకోలేదు. ఆరు పాచికలు నాలుగుకన్నా ఎక్కువ ఎలా అవుతాయో, జ్ఞానం అంటే ఏమిటో అడుగుతూ గడిపాడు. చావు దగ్గరపడటమే ప్రశ్నలను పుట్టిస్తే, అతను అడగాల్సింది న్యాయం గురించో ఆత్మ గురించో. మీరు చూపించిన చట్రం ఉంది, కాదనలేం. చిత్రం మాత్రం దానికి లొంగలేదు. సిద్ధార్థుడి కథ కూడా ఇలాగే ఉంటుంది. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూశాడు. అందరూ రోజూ చూసేవే. అందరికీ అలవాటైనదాన్ని మొదటిసారి చూసినట్టు చూడటం వల్లే అతను కదిలాడు.

ఆర్తుడు: ఆ కథను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. 1957లో వచ్చిన ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో, ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ముసలితనం, రోగం, చావు కంటపడలేదంటే నమ్మడం ఎలా అని నేరుగా అడిగాడు. దాని బదులు ఇంకో కారణం చూపించాడు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ తగాదా, శాక్య సంఘం యుద్ధానికి తీర్మానం, సిద్ధార్థుడు ఒప్పుకోకపోవడం, ఫలితంగా దేశం వదిలిపోవడం. ఇక్కడ ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. పొలాలకు నీళ్లు, ఓటు, కత్తి. నది నీళ్ల పంచాయతీ అంటే ఏమిటో కృష్ణా గోదావరుల ఒడ్డున ఉన్నవాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఈ చదువులో ధమ్మం మొదలయ్యేది సంఘర్షణలో.

జిజ్ఞాసువు: ఆ పుస్తకంలో ఆ తర్వాత ఏం జరుగుతుంది? శాక్యులు, కోలియులు రాజీపడ్డారని కబురు వస్తుంది. ఇక ఇంటికి పోవచ్చు. సిద్ధార్థుడు పోడు. ఈ యుద్ధం ఇంకా పెద్ద సంఘర్షణలో ఒక భాగమేనని, దానికి మూలం ఏమిటో కనుక్కోవాలని నిర్ణయించుకుంటాడు. కష్టం తీరింది, ప్రశ్న తీరలేదు. శుల్బసూత్రం దగ్గర చెప్పిన మాటే ఇక్కడా చెప్పుకోవాలి.

ఆర్తుడు: ప్రశ్న పెద్దదైంది, ఎందుకంటే బాధ పెద్దదని తెలిసింది. ఒక ఊరి తగాదా తీరితే లోకంలో తగాదా తీరదని గుర్తించడానికి ఆశ్చర్యం అక్కరలేదు, దయ ఉంటే చాలు. పైగా, బాధకు సంబంధం లేని ప్రశ్నలను బుద్ధుడు ఏం చేశాడో మజ్ఝిమ నికాయంలో ఉంది. మాలుంక్యపుత్తుడనే భిక్షువు పది ప్రశ్నలు పట్టుకొచ్చాడు. లోకం శాశ్వతమా, కాదా. దానికి అంతం ఉందా, లేదా. జీవమూ శరీరమూ ఒకటా, వేరా. తథాగతుడు మరణం తర్వాత ఉంటాడా, ఉండడా, ఉండీ ఉండడా, రెండూ కాదా. జవాబు చెప్పకపోతే సంఘం వదిలిపోతానన్నాడు. విషపు బాణం దిగినవాడు, కొట్టినవాడి కులమేమిటో, పొడుగో పొట్టో, విల్లు ఏ రకమో, బాణానికి కట్టింది ఏ పక్షి ఈకో తేలేదాకా బాణం తీయనివ్వనంటే, అవేవీ తెలియకుండానే చస్తాడని బుద్ధుడు అన్నాడు. జిజ్ఞాసకు ఇంతకన్నా సూటి జవాబు ఎవరూ చెప్పలేదు.

జిజ్ఞాసువు: ఆ పది ప్రశ్నలను పక్కన పెట్టమన్న సంప్రదాయమే వాటిని వరసతో సహా కంఠస్థం చేసి కాపాడింది. సాతవాహన రాజుకు సుహృల్లేఖ రాశాడని సంప్రదాయం చెప్పే నాగార్జునుడు మూలమధ్యమకకారికలో మళ్లీ వాటి దగ్గరికే వచ్చాడు. తథాగతుడి గురించి ఒక ప్రకరణం, నిర్వాణం గురించి ఒకటి, పూర్వాపర కోటుల దృష్టుల గురించి ఆఖరున ఇరవై ఏడోది. బాణం తీయడానికి అవి అక్కరలేకపోతే అన్ని శ్లోకాలు దేనికి?

ఆర్తుడు: నాగార్జునుడు వాటికి జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నలు నిలబడే నేల లేదని చూపించి చల్లార్చాడు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ఇది నా వాదానికి కొంత ఎదురుపోయినా సరే. మాలుంక్యపుత్తుడికి ఆ ప్రశ్నలే బాణం అయ్యాయి. సంఘం వదిలిపోయేంత కలత పడ్డాడు. అతని విషయంలో దుఃఖమూ జిజ్ఞాసా ఎక్కడ విడిపోతాయో గీత గీయడం కష్టం.

జిజ్ఞాసువు: గీత గీయలేకపోతే అతను ఎవరి సాక్షి? కలత ప్రశ్న వల్ల వచ్చిందంటే ప్రశ్న ముందు.

ఆర్తుడు: జవాబు దొరక్కుండానే తృప్తిపడ్డాడని సుత్తం చివర ఉంది. కేవలం తెలుసుకోవాలన్న కోరికే అయితే, జవాబు లేకుండా ఎలా తీరుతుంది?

జిజ్ఞాసువు: బుద్ధుడి మాటలకు సంతోషించాడని ఉంది. అడగడం మానేశాడని లేదు. సంయుత్త నికాయంలో ఇదే పేరుతో భిక్షువు మళ్లీ కనపడతాడు. సంప్రదాయం అతనే అంటుంది. ముసలివాడై, వయసు మీదపడి, ఏకాంతానికి వెళ్లేముందు ధమ్మాన్ని క్లుప్తంగా చెప్పమని అడుగుతాడు. యువకులకు ఏం చెప్పాలి, ఈ వయసులో నువ్వొచ్చి అడుగుతుంటే అని బుద్ధుడు అంటాడు. ఆ తర్వాత చూడటం గురించి ఎదురు ప్రశ్నలు మొదలవుతాయి. ఎన్నడూ చూడని, ఇప్పుడు చూడని, చూడబోనని అనుకునే రూపాల మీద నీకు కోరిక పుడుతుందా? వినని శబ్దాల మీద? చూసినదానిలో చూసినంత మాత్రమే ఉండనివ్వడం అంటే ఏమిటో అక్కడ చెబుతాడు. ఇంద్రధనుస్సు ఎక్కడుందని అడిగినవాడికి ఆ సంభాషణ పరాయిది కాదు.

ఆర్తుడు: పరాయిది కాదు. కానీ ఆ వయసులో అతను అడిగింది లోకానికి అంతం ఉందా అని కాదు, ఒంటరిగా జాగ్రత్తగా బతకడానికి ఏం పట్టుకోవాలని. బుద్ధుడు అడిగిన ప్రతి ప్రశ్నా కోరిక చుట్టూ తిరిగింది, రూపం చుట్టూ కాదు.